తీసెయ్ బిడ్డా

ఒక కాలి బూటు విప్పాడు. రెండోది విప్పబుద్ధి కాలేదు. గోల్ఫ్ క్లబ్బులో బట్టలు మార్చుకునే గదిలో, గోడ పక్క బల్ల మీద చక్రధర్ అలాగే చతికిలబడ్డాడు. గోడ అవతల హాల్లో గ్లాసులు మోగుతున్నాయి, కుర్చీలు జరుగుతున్నాయి, ఎవడో బల్ల గుద్దుతూ పాట ఎత్తుకున్నాడు. యూరప్ గెలిచింది. యూరప్‌ను గెలిపించినవాడు కొత్తగూడెం బొగ్గుబావుల పక్కన పుట్టిన మనిషి, యాభై దాటిన మనిషి, ఐర్లండ్‌లోని కార్క్‌లో ఒక ఆసుపత్రికి పెద్ద డాక్టరు. ఆ పెద్ద డాక్టరు ఇప్పుడు ఒక కాలికి బూటుతో, ఒక కాలికి తడిసిన మేజోడుతో, దొంగపిల్లిలా తలుపేసుకుని కూర్చున్నాడు. కాసేపట్లో కప్పు ఇస్తారు. పేరు పెట్టి పిలుస్తారు. అందాకా ఎవరి మొహమూ చూడకుండా ఉంటే చాలు. అసలైతే ఒక్క మొహం. ఆ పిల్ల హాల్లోనే ఉందో, వెళ్ళిపోయిందో. వెళ్ళిపోతే బాగుండు. ఛీ, కోరుకోవలసింది అదా? వెళ్ళిపోతే బాగుండు అని మళ్ళీ అనుకున్నాడు.

నో అన్నాడు. ఒక్క అక్షరం. స్నానాల గదిలో ఎక్కడో కుళాయి కారుతోంది, కారిన ప్రతి చుక్కా అదే అంటోంది. చెమట వాసన, తడి గడ్డి వాసన, ఎవడో కొట్టుకుని వదిలేసిన సెంటు వాసన. మెడ దగ్గర నీలం స్వెట్టరు గుచ్చుకుంటోంది. దాని రొమ్ము మీద పసుపు నక్షత్రాలు. పొద్దున అది తొడుక్కుంటూ అద్దంలో చూసుకున్నాడు, పక్కకు తిరిగి కూడా చూసుకున్నాడు. పెళ్ళికొడుకులా ఉన్నవులే పోరా అన్నట్టు జయశ్రీ నవ్వింది, "ఎండకాలం వానకాలం లేదు, ఆ కర్రల మీద ఉన్న ప్రేమ పెండ్లం మీద ఉంటేనా" అంది. ఫోను ఒళ్ళో వణికింది. జయశ్రీయే. గెలిచాడన్న కబురు అప్పుడే కార్క్ తెలుగు వాళ్ళ గ్రూపులో పెట్టేసినట్టుంది, చప్పట్లు కొట్టే చేతుల బొమ్మలు బారులు తీరాయి. వాటి కింద కూతురు లోహిత గొంతు, అచ్చు కార్క్ యాసలో, "నానా, యూ లెజెండ్!" అని. ఫోను బోర్లా పెట్టాడు. బోర్లా పెట్టినా వణుకుతూనే ఉంది.

ఖండాల మధ్య గోల్ఫ్ యుద్ధం ఒకటుంది, రైడర్ కప్ అంటారు. రెండేళ్ళకోసారి యూరప్ ఒక పక్క, అమెరికా ఒక పక్క. ఏడాది పొడుగునా ఎవడి సంచి వాడు నింపుకునే ఆటగాళ్ళు ఆ మూడు రోజులూ జెండా కోసం కన్నీళ్ళు పెట్టుకుంటారు. అది వచ్చే ఏడు లిమరిక్ పక్కన అడేర్‌కు వస్తోందని ఐర్లండ్‌కు పూనకం పట్టింది. బాలింకాలిగ్ దాటాక పొలాల మధ్యనున్న ఈ చిన్న క్లబ్బుకూ పట్టింది. మనమూ ఓ కప్పు పెట్టుకుందాం అన్నారు. అమెరికా వాళ్ళను ఎక్కణ్ణించి తెస్తారు? చేతికందింది ఆసియా. ఆసుపత్రుల్లో రాత్రి డ్యూటీలు మోసే ఆసియా, మందుల ఫ్యాక్టరీల్లో తెల్లకోటు ఆసియా, కంప్యూటర్ల ముందు వీపు వంగిన ఆసియా. సభ్యత్వం కోసం ఏళ్ళ తరబడి వరసలో నిలబెట్టిన ఆసియాను ఒక్క శనివారం మాత్రం ఖండం చేసి, జెండా ఇచ్చి, ఎదురుగా నిలబెట్టారు. దానికి స్నేహం అని పేరు. చక్రధర్ మొదటి రెండేళ్ళూ ఆసియాకే ఆడాడు. పోయినేడు ఆసియా గెలిచింది. కెప్టెన్ అనంతరామ్ ఇంట్లో ఆ కప్పులో మిర్చీబజ్జీలు పోసుకుని తిన్నారు. లెక్కలు సమానమైతే కప్పు ఎవరి దగ్గరుంటే వాళ్ళకే ఉంటుంది, అదీ పెద్ద కప్పు నుంచి తెచ్చుకున్న రూలే.

ఈ ఏడు యూరప్ జట్టులో ఒకడికి మోకాలు పట్టేసింది. కెప్టెన్ ఫిన్‌బార్ వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "నీకు మన పాస్‌పోర్టుంది కదా చక్, నువ్వు మావాడివే." మావాడివే. ఇరవై ఏళ్ళ నుంచి ఆ మాట కోసం చెవి ఒగ్గి ఉన్నాడని అది విన్నాకే తెలిసింది. కిలార్నీలో పెద్ద హాల్లో వేలమందితో కలిసి చెయ్యెత్తి పౌరసత్వ ప్రమాణం చేసిన రోజున కూడా ఇంత వెచ్చగా అనిపించలేదు. సరే అనడానికి ఒక్క క్షణం ఆలోచించలేదు. అనంతరామ్ చెవిన పడగానే పగలబడి నవ్వాడు. "సాబ్ కండువా మార్చిండు! నియోజకవర్గ అభివృద్ధి కోసమేనా సాబ్?" అందరూ నవ్వారు, తనూ నవ్వాడు. మెడలో కండువా మారినప్పుడు మన ఎమ్మెల్యేలూ ఇలాగే నవ్వుతారు, పళ్ళు బయటపెట్టి, కళ్ళు ఎక్కడో పెట్టి.

ఆటలో పెద్దమనుషుల మర్యాద ఒకటుంది. బంతి హోల్‌కు, అంటే అది పడాల్సిన గుంతకు, జానెడు దూరంలోకి వచ్చేసిందనుకో, అది ఎలాగూ పడుతుంది గనక ఎదుటివాడు "పర్లేదు, తీసుకో" అంటాడు. అప్పుడు కొట్టక్కర్లేదు, కొట్టినట్టే లెక్క, బంతి చేత్తో తీసేయవచ్చు. ఒకసారి ఆ మాట అన్నాక వెనక్కి తీసుకోవడం లేదు, దేవుడు దిగొచ్చినా లేదు. ఇచ్చేవాడి నోటి మాటే రాత, సంతకం, సాక్ష్యం. ఈ ఆట నేర్చుకునేటప్పుడు చక్రధర్‌కు బాగా నచ్చింది అదే. చూడు, మాట మీద నడిచే ఆట అని జయశ్రీకి గొప్పగా చెప్పాడు. దగ్గరున్నవాడిని వదిలేస్తారు, దూరమున్నవాడిని ఎవరూ వదలరు, అది కూడా గమనించి ఉండవలసింది. గమనించలేదు. ఈ దేశానికి వచ్చిన కొత్తలో ట్రలీలో, కిల్కెన్నీలో, లెటర్‌కెన్నీలో ఆరేసి నెలల కాంట్రాక్టులు, జనవరికీ జూలైకీ ఇల్లు ఎత్తడం, ఒళ్ళో రైస్ కుక్కర్ పెట్టుకుని బస్సులో కూర్చోవడం, పేరు పలకడం రాని పెద్ద డాక్టర్లు "ఆ ఇండియా కుర్రాడు" అనడం. వాళ్ళు వరండాల్లో నిలబడి గోల్ఫ్ మాట్లాడుకునేవాళ్ళు. ఉద్యోగాలు ఆ వరండాల్లోనే తేలిపోతాయని తెలిసిన రోజున పాత కర్రల సంచి ఒకటి కొన్నాడు. బాలింకాలిగ్ పార్కులో పొద్దున్నే ఎవరూ లేనప్పుడు కొడుతుంటే, ఎవరో ఫోను చేశారట, గార్డ్స్ వచ్చారు. ఇద్దరు పోలీసులు, మర్యాదగానే, ఇక్కడ కొట్టకూడదు అన్నారు. సారీ సారీ గ్రాండ్ గ్రాండ్ అన్నాడు, అంతా బాగానే ఉంది అనడానికి ఇక్కడి మాట అది. అప్పటినుంచీ గ్రాండ్ అంటూనే ఉన్నాడు.

సుధేష్ణ అలా నేర్చుకోలేదు. మంచిర్యాల పిల్ల, సాంఘిక సంక్షేమ గురుకులంలో హాకీ ఆడిన పిల్ల. ఆసుపత్రిలో తన కిందనే రిజిస్ట్రారు, అంటే చిన్న డాక్టరు. ఆసుపత్రి వాళ్ళ సరదా పోటీలో ఎవరిదో కర్ర అడిగి తీసుకుని ఒక్క దెబ్బ కొడితే బంతి చెట్ల మీదుగా పోయింది. "ఏంది సార్ దీని రేటు ఇంత, హాకీ కర్రకు బంగారం పూసిన్రా" అని నవ్వింది. అనంతరామ్ అక్కడికక్కడే జట్టులో వేసుకున్నాడు. ఆ పిల్లకు ఆట ఆటే. గుంతలో పడితే ఎగిరి గంతేస్తుంది, పడకపోతే "అయ్యో నీ" అని తిడుతుంది. చక్రధర్‌కు ఆమెను చూస్తే ముచ్చటేసేది, కొంచెం భయమూ వేసేది. ఎందుకు భయం? ఇప్పుడు ఈ బల్ల మీద, ఈ వాసనలో, అడగాల్సి వస్తోంది. తను ఇరవై ఏళ్ళు వంగి వంగి దాటిన గుమ్మంలోంచి ఆ పిల్ల నిటారుగా నడిచి వస్తోందని కాదా?

చివరి జోడీ వాళ్ళిద్దరే. చివరి హోల్. అప్పటికి అంతా సమానం, ఇద్దరూ సమానం, రెండు ఖండాలూ సమానం. వాన సన్నగా, ఐర్లండ్ వాన, పడుతున్నట్టు కాదు, గాల్లో వేలాడుతున్నట్టు. జనం దూరంగా, క్లబ్బు మెట్ల మీద గొడుగుల కింద. నున్నటి పచ్చిక మీద నలుగురే. తను, సుధేష్ణ, అప్పుడే పైకి నడిచి వస్తున్న ఫిన్‌బార్, కాస్త ఎడంగా నిలబడ్డ రూల్స్ చూసే అబిగేయిల్, రిటైరైన బడి పంతులమ్మ. తక్కువ దెబ్బల్లో బంతి హోల్‌లో వేసినవాళ్ళదే గెలుపు. తను ఐదు దెబ్బల్లో ముగించాడు. ఆమె నాలుగో దెబ్బకు బంతి దొర్లి దొర్లి వచ్చి హోల్ పక్కన జానెడు దూరంలో ఆగింది. అబ్బ, ఎంత బాగా వచ్చింది. ఆ క్షణాన చక్రధర్‌కు కప్పు గుర్తు లేదు, ఖండం గుర్తు లేదు. ఆ పిల్ల రెండు చేతులూ మొహం మీద పెట్టుకుని వేళ్ళ సందుల్లోంచి చూస్తోంది, ముందురోజు రాత్రి డ్యూటీ చేసి వచ్చింది, కళ్ళ కింద నలుపు. నోటికి ఏది వస్తే అది వచ్చేసింది. రౌండ్స్ అయ్యాక పోయి తిను పో బిడ్డా అంటాడే, అట్లాగే. "తీసెయ్ బిడ్డా. చాలు." ఆమె నవ్వి, వంగి, బంతి చేతిలోకి తీసుకుంది.

అంతే. అయిపోయింది. సమానం. ఆమెకూ ఐదే, పోయినేడు గెలిచింది ఆసియా గనక కప్పు ఆసియాకే. అంతటితో దేవుడు ఆ సాయంత్రాన్ని మడిచి జేబులో పెట్టుకుంటే ఎంత బాగుండు.

ఫిన్‌బార్ వచ్చాడు. మొహం ఎర్రగా ఉంది. "ఏమిటి, ఆ అమ్మాయి బంతి ఎందుకు తీసింది? నువ్వు ఇచ్చావా చక్?" అన్నాడు. అడిగిన తీరులో ఏముందో చక్రధర్‌కు బాగా తెలుసు. ఇరవై ఏళ్ళుగా చదువుకున్న గొంతు అది. నువ్వు మావాడివే అన్న గొంతు, ఇంకో రకంగా. భుజం మీద ఉన్న చెయ్యి లేచిపోతున్నట్టు అనిపించింది. చెయ్యి అక్కడ లేదు కూడా. నో అన్నాడు. అబిగేయిల్ దగ్గరికి వచ్చింది. కళ్ళజోడు మీద వాన చుక్కలు. నిదానంగా, పిల్లలకు చెప్పినట్టు చెప్పింది. "ఇవ్వకుండానే తీస్తే ఒక దెబ్బ జరిమానా. కానీ ఆమె పొరబడేలా నువ్వేమైనా అని ఉంటే జరిమానా లేదు, బంతి వెనక్కి పెట్టి మామూలుగా కొట్టుకోవచ్చు. ఏమైనా అన్నావా? మీ భాషలో ఏదో అన్నట్టు వినిపించింది." చూడు, తలుపు తెరిచి పెట్టింది ఆవిడ. బారెడు తలుపు. అన్నానేమో, అదేదో అన్నాను, నా తప్పే అంటే చాలు, పరువూ పోదు, ఆ పిల్లా గట్టెక్కుతుంది. "బంతి గురించి కాదు. వాన గురించి" అన్నాడు. మొదటిది నోరు జారిందనుకుందాం, మనిషన్నాక జారుతుంది. రెండోదానికి ఏం పేరు పెడతాడు? వాన గురించట. వాన గురించి.

ఆమె చూసింది. కోపంగా కాదు. ఎక్స్‌రే తెర మీద పెట్టి చూసినట్టు చూసింది. సారే ఇచ్చాడు అని ఒక్క మాట ఆమె నోటి నుంచి వస్తే ఏమయ్యేది? ఆమె మాటకు తన మాట, ఒక రిజిస్ట్రారు మాటకు ఒక కన్సల్టెంటు మాట. వచ్చే జనవరికి ఆమె ఎక్కడ ఉద్యోగం చెయ్యాలో తన ఒక్క ఫోను కాల్ మీద ఉంది. వీసా ఆ ఉద్యోగం మీద ఉంది. అది ఆమెకు తెలుసు, తనకు తెలుసు, పచ్చికకు కూడా తెలుసు. "సారీ," అంది సుధేష్ణ అబిగేయిల్‌తో, ఇంగ్లీషులో. "నా పొరపాటే. తొందరపడ్డాను." బంతి వెనక్కి పెట్టింది. కొట్టింది. హోల్ నట్టనడుమ పడింది, లోటాలో రూపాయి బిళ్ళ పడ్డట్టు మోగింది. జరిమానాతో ఆరు. తనవి ఐదు. ఫిన్‌బార్ చక్రధర్‌ను నడుం పట్టుకుని గాల్లోకి లేపాడు. గాల్లో ఉండగా కూడా ఆమె వంగి బంతి తీసుకోవడం కనిపించింది. ఈసారి ఎవరూ ఇవ్వకుండానే తీసుకుంది.

కుళాయి కారుతోంది. ఎవరైనా కట్టేయరేం. వాన గురించి అన్న నోరు. ఇదే నోరు, వరంగల్‌లో జూనియర్ డాక్టర్ల సమ్మెలో ఆసుపత్రి గేటు ఎక్కి గొంతు చించుకున్న నోరు. జూడాల ఐక్యత వర్ధిల్లాలి. చక్రన్నా చక్రన్నా అని వెనక వందమంది. రాత్రి డ్యూటీ చేసిన అమ్మాయిలకు పడుకోవడానికి ఒక గది ఇవ్వండ్రా అని సూపరింటెండెంటు కారుకు అడ్డంగా పడుకున్న ఒళ్ళు ఇదే. ఆ చక్రన్నను ఎక్కడ దించాడు? ఏ ఊళ్ళో బస్సు దిగుతూ సీటు మీద మరిచిపోయాడు? ట్రలీలోనా? ఒక్కరోజులో అయిన పని కాదు. రోజుకో గ్రాండ్ అంటూ అరగదీసుకున్నాడు, చివరికి చెక్కేసిన పెన్సిలు అయ్యాడు, మొన మిగిలింది, అదీ కింది వాళ్ళను గుచ్చడానికి.

ఇవాళ్టిదే అయితే సర్దుకునేవాడు. గుర్తొస్తున్నది ఇవాళ్టిది కాదు. పోయిన వేసవి, మనవాళ్ళ మీద అక్కడక్కడా దాడులు జరుగుతున్నాయని అందరూ బిక్కచచ్చి ఉన్న రోజులు. బస్టాపులో పోరగాళ్ళు సుధేష్ణ మీద కోడిగుడ్లు విసిరారు. మీ దేశం పొమ్మన్నారు. ఆ తడి కోటుతోనే డ్యూటీకి వచ్చింది. "సార్, మీరు మీటింగ్‌ల ఒక్క మాట అనుండ్రి సార్. మీరంటే వింటరు. రాత్రి డ్యూటీ దిగినోళ్ళకు కనీసం ఒక టాక్సీ పెట్టుమనుండ్రి." "నేనున్న గదా బిడ్డా. నేను చూసుకుంట" అన్నాడు. ఎంత తియ్యగా అన్నాడో. మీటింగు వచ్చింది, పోయింది. కార్ల పార్కింగు గురించి మాట్లాడాడు. ఆ తరవాత ఇంటర్వ్యూ. పర్మినెంటు శిక్షణ పోస్టు, అది దొరికితే ఆరు నెలల పరుగులు ఆగుతాయి. ముందురోజు "దిగులుపడకు బిడ్డా, లోపల నేనున్న" అన్నాడు. లోపల ఐదుగురు కూర్చున్నారు, నాలుగు తెల్లమొహాలు తన వైపు తిరిగాయి, నీ దగ్గరే పనిచేస్తోంది కదా, ఎలాంటిది అన్నారు. చాలా గొప్ప డాక్టరు అనే మాట గొంతు దాకా వచ్చింది. మనవాళ్ళనే వెనకేసుకొస్తాడు అనుకుంటారేమో. ఆ ఒక్క భయం. "మంచిదే. ఇంకా కుదురుకోవాలి" అన్నాడు, ఇంగ్లీషులో, వాళ్ళ యాసలో, తలూపుతూ. పోస్టు వేరెవరికో పోయింది. ఆ పిల్ల స్వీటు డబ్బా తెచ్చింది. "మీరు ప్రయత్నం చేసిన్రు సార్, అదే చాలు" అంది. ఆ కోవా తిన్నాడు. నెయ్యి బాగుంది అని కూడా అన్నాడు.

తలుపు తోసుకుని అనంతరామ్ వచ్చాడు, తన సంచి కోసం. నల్లగొండ మనిషి, సాఫ్ట్‌వేర్, గట్టిగా మాట్లాడకపోతే ఊపిరాడదు. "ఏం సాబ్, ఇక్కడ దాక్కున్నరు? మీ కొత్త పార్టీ వాళ్ళు దండలు పట్టుకుని తిరుగుతున్నరు." అనంతరామ్ బూట్లు దులుపుకుంటూ అన్నాడు, "పిల్ల ఆగం చేసింది సాబ్. గంత తొందరేంది? ఒక్క నిమిషం ఆగితే మీరే ఇస్తుంటిరి. మావోళ్ళు ఒకటే తిట్లు. ఆ లాహోర్ డాక్టరయితే, వచ్చే ఏడు ఆడవాళ్ళను తీసుకునేది లేదంటుండు. నేనూ ఒక మాట అన్న. రూల్స్ తెల్వకుంటే ఎందుకొచ్చినవ్ తల్లీ అన్న. తల వంచుకున్నది. ఏడ్వలే గని, ఏడ్చినా బాగుండు." సంచి భుజాన వేసుకున్నాడు. "మీరు మాత్రం ఏం జేస్తరు పాపం. ఆట ఆటే. రాండ్రి, లేవుండ్రి." వెళ్ళిపోయాడు. మీరు మాత్రం ఏం జేస్తరు పాపం. ఆ మాట గది మధ్యలో ఉరితాడులా వేలాడింది.

లేచాడు. ఒంటి బూటుతో రెండడుగులు కుంటి, కూర్చుని, రెండో బూటు విప్పే బదులు మొదటి బూటు మళ్ళీ తొడుక్కున్నాడు. చెప్పేస్తాను. అందరి ముందూ చెప్పేస్తాను. అనుకోగానే గుండె తేలికైంది, తేలికైనందుకు అనుమానం వచ్చింది. ఎవరి కోసం చెబుతున్నావు రా? ఆ పిల్ల నెత్తిన పడ్డ మచ్చ తుడవడానికా, నీ సిగ్గు దిగడానికా? ఏదైతేనేం, చెప్పు ముందు. చెప్పాక ఏడువు. వరండాలో గోడల మీద పాత కెప్టెన్ల ఫోటోలు, వరసగా ఎర్రటి మొహాలు, టైలు. వాటి కింద నడుస్తుంటే ఆపరేషన్ గదికి తీసుకుపోతున్న రోగి తనే అయినట్టు పైకప్పు దీపాలు ఒక్కొక్కటే దాటాయి.

హాల్లో వేడి, బీరు, వేయించిన బంగాళాదుంపల వాసన. చప్పట్లు. ఫిన్‌బార్ అప్పటికే మైకు పట్టుకున్నాడు. "ఈ మనిషి రెండేళ్ళు తప్పుడు జట్టులో ఆడాడు, పాపం దారి తెలియక!" ఘొల్లున నవ్వు. ఆసియా బల్ల దగ్గర కూడా నవ్వారు, మర్యాదకు. ఆ బల్ల చివర, కుర్చీ కొద్దిగా వెనక్కి లాక్కుని సుధేష్ణ. చేతిలో నిమ్మరసం గ్లాసు. పక్క కుర్చీ ఖాళీ. కప్పు చేతుల్లోకి వచ్చింది, చల్లగా ఉంది, అనుకున్నదానికన్నా తేలిక. "స్పీచ్! స్పీచ్!" అన్నారు. చక్రధర్ మైకు అందుకున్నాడు. ఇంగ్లీషులోనే చెప్పాడు, ఎక్కడా తడబడకుండా చెప్పాడు.

"ఈ కప్పు మనది కాదు. ఆ బంతి నేను ఇచ్చాను. తెలుగులో ఇచ్చాను, తీసుకో అన్నాను. తరవాత ఇవ్వలేదని అబద్ధం చెప్పాను. ఆమె తప్పేమీ లేదు."

బార్ వెనక ఫ్రిజ్ గురగుర వినిపించింది. ఇప్పుడు పడుతుంది దెబ్బ అనుకుని మెడ వంచాడు, హాయిగా కూడా ఉంది ఆ వంచడం. ఫిన్‌బార్ మొహంలో రంగు మారింది, మారి, మెల్లగా పెద్ద నవ్వుగా విచ్చుకుంది. "చూశారా!" అని అరిచాడు. "చూశారా ఈ మనిషిని! గెలిచి కూడా, ఆ పిల్ల చిన్నబుచ్చుకుందని నింద తన మీద వేసుకుంటున్నాడు! జెంటిల్‌మన్ అంటే ఇదీ!" బల్లలు దద్దరిల్లాయి. కాదు, నిజం, నిజంగానే అంటున్నాడు చక్రధర్ మైకులో, అన్నకొద్దీ చప్పట్లు హోరెత్తుతున్నాయి. ఎవరో వీపు చరిచారు. ఎవరో "ఫెయిర్ ప్లే టు యూ, డాక్టర్" అన్నారు. ముసలి సభ్యుడొకడు కళ్ళు తుడుచుకున్నాడు. పెద్దమనిషి నిజం చెబితే అది మంచితనం అవుతుంది. అదే నిజం ఇందాక ఆ పిల్ల చెప్పి ఉంటే అబద్ధం అయ్యేది. ఈ లోకపు తక్కెడ ఇట్లా తూస్తుందని గేటు ఎక్కి అరిచిన రోజుల్లో తనకు తెలుసు. ఇప్పుడు ఆ తక్కెడలో తనే బరువు.

నవ్వనిది అబిగేయిల్ ఒక్కతే. లేచి చెయ్యెత్తింది. బడిలో లాగే హాలు సద్దుమణిగింది. "సుధేష్ణా, నిన్నే అడుగుతున్నాను. అతను ఇచ్చాడా?" అంది. మొహాలన్నీ అటు తిరిగాయి. ఫిన్‌బార్ మొహం, అనంతరామ్ మొహం, కప్పు పట్టుకున్న మొహం. అను తల్లీ అని చక్రధర్ లోలోపల వేడుకున్నాడు. అవును అను. ఒక్కసారి అను, నన్ను వదిలించు.

సుధేష్ణ గ్లాసు బల్ల మీద పెట్టి లేచింది. "నేను బంతి వెనక్కి పెట్టి కొట్టాను. పడింది. మీరంతా చూశారు," అంది ఇంగ్లీషులో. "నాకు ఎవరూ ఏమీ ఇవ్వక్కర్లేదు. అప్పుడూ, ఇప్పుడూ." అంతకన్నా ఒక్క ముక్క ఎక్కువ అనలేదు. ఎవరో "గుడ్ గర్ల్!" అని అరిచారు, ఆమెకూ చప్పట్లు కొట్టారు, పాట మళ్ళీ అందుకున్నారు. అబిగేయిల్ మాత్రం నిలబడే ఉంది, చక్రధర్ వైపు చూస్తూ.

కోటు తగిలించుకుని సుధేష్ణ గుమ్మం వైపు నడుస్తోంది. చక్రధర్ జనాన్ని తోసుకుంటూ, కప్పు ఎక్కడ పెట్టాలో తెలియక చంకలో పెట్టుకుని, వరండాలో అందుకున్నాడు. "బిడ్డా, నేను చెప్పిన గదా. నిజం చెప్పిన గదా. ఎందుకట్ల అన్నవ్? అవునంటే అయిపోతుండె గదా."

ఆమె ఆగింది. కోటు గుండీలు పెట్టుకుంటోంది, ఒక్కొక్కటే, కింది నుంచి పైకి. "అవునంటే రేపు పొద్దున నేను ఎవరి కింద పని చెయ్యాలె సార్?" అంది. "మీరు చెప్పుకున్నరు, మీకు సల్లగయ్యింది. మంచిది. నాకు సల్లగ గాలే." పై గుండీ పెట్టుకుంది. గొంతు పెంచలేదు. "ఇదొక్కటి తెలుగుల చెప్తున్న సార్, ఇదే ఆఖరు. ఇకనుంచి నాతోటి ఏం మాట్లాడినా ఇంగ్లీషులనే మాట్లాడండి. సాక్షులుంటరు."